బరాత్ మోటారులో ముందు సీటు

30 ఏప్రిల్ 1979, సోమవారం

రాయి భాగ్యమ్మా. నేను చెప్పింది రాయి, నీకు తోచింది రాయకు. రాశాక చదివి వినిపించు.

నాకు అక్షరం రాదు. రాజవ్వ అని గోడ మీద రాసి చూపిస్తే అది నా పేరో పక్కింటామె పేరో చెప్పలేను. నా కోడలు భాగ్యమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఎడమ చేత్తో రాస్తుంది. మగ్గానికి దారపు కండెలు చుట్టేది కూడా ఎడమ చేత్తోనే. కాపురానికొచ్చిన కొత్తలో కసిరాను, ఆమె చేతిపని చూశాక కసరడం మానేశాను. నేను ఒక తీరున చెప్తే ఈమె పుస్తకాల తీరున పెడుతుంది. పెట్టనీ. సంగతి మారకుంటే చాలు. రేపు మా పద్మశాలి సంఘం పెద్దల ముందు చెప్పాల్సి వస్తే నా మాట ఒక్క తీరుగా ఉండాలని నాకోసం నేను రాయించుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

జరిగింది ఇది. మొన్న శనివారం మా కొత్తవాడ బుచ్చిరాములు కొడుకు పెండ్లి. పొద్దున బరాత్‌కు మా మోటారు పిలిపించుకున్నాడు.

ఆ మోటారు నా పెనిమిటి మొండయ్య హన్మకొండలో ఒక కంట్రాక్టరు దగ్గర నడిపిన బండి. నైజాం కాలం నాటిది. కంట్రాక్టరు పోయాక ఆయన కొడుకులు కొత్త బండి తెచ్చుకుని దీన్ని మా వాకిట్లో వదిలేశారు. నల్లని ఒళ్లు, వెనక్కి మడిచే కప్పు. వెనక సీట్లో పెండ్లికొడుకు కూర్చుంటే బజారంతటికీ కనిపిస్తాడు. అందుకే ఊళ్లో పెండ్లంటే దీన్నే అడుగుతారు.

బరాత్ బండి మనిషి నడక కంటే మెల్లగా పోవాలి. ముందు బ్యాండు, దాని వెనక చిందులేస్తూ ఎగిరేవాళ్లు. ఎండాకాలం అట్లా నడిపితే ఇంజనులో నీళ్లు మసులుతాయి. స్టీరింగు పక్కన ఒక మీటరు ఉంది. నీళ్లు ఎంత కాగాయో దాని సూది చెప్తుంది. మొండయ్య ఉన్నప్పుడు ఆయన కండ్లు రోడ్డు మీద, నా కండ్లు సూది మీద. ఎర్ర గీత దగ్గరికి రాగానే ఆపమంటాను. ఆపుతాడు. నీళ్లు పోసి, చల్లారాక కదులుతాం. ఆయన పోయాక నా కొడుకు సిద్దిరాములు నడుపుతున్నాడు. నేను అదే సీట్లో కూర్చుని అదే సూది చూస్తున్నాను.

మొగుడు పోయిన ఆడదాన్ని పసుపు దంచడానికి పిలవరు. తలంబ్రాల దగ్గరికి రానివ్వరు. పందిట్లో వెనక గుంజకు ఆనుకుని నిలబడాలి. మోటారులో కూర్చుంటే మాత్రం ఇన్నేండ్లూ ఎవరూ ఏమీ అనలేదు, మోటారు మనిషి అనుకున్నారు. ఆ సీట్లోంచే నేను ఊరి పెండ్లిళ్లన్నీ చూశాను.

శనివారం పోచమ్మమైదాన్ దాటామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజను దడదడ కొట్టుకుని ఆగిపోయింది. నేను సూది మీద నుంచి చూపు తిప్పలేదు. అది చల్ల గీత మీద పడుకుని ఉంది. చీమంత కూడా కదలలేదు. పెండ్లికొడుకు బాసింగంతో దిగి నడిచాడు. పందిరి చేరేసరికి ముహూర్తం దాటిపోయింది.

బుచ్చిరాములు నడిరోడ్డు మీద అన్నాడు: "ముండమోపిని ముందట కూసోబెట్టుకొని పోతే మోటారు నడుస్తదా?"

ఆ మాటకు బ్యాండువాళ్లు కూడా వాయించడం ఆపారు. అది కూడా రాయి.

1 మే, మంగళవారం

సిద్దిరాములు ఇంజను విప్పాడు. లోపల గాస్కెట్ మాడిపోయిందట, కొత్తది వేయాలట. నాతో ఒక్క మాట లేదు. అన్నం తిన్నాడు, పోయాడు.

సూది కదలలేదు. నేను చూశాను.

4 మే, శుక్రవారం

బుచ్చిరాములు సంఘానికి చెప్పుకున్నాడు. ఇరవయ్యో తారీఖు ఆదివారం పెద్దలు కూర్చుంటారు. ఆ ముసలిది ముందు సీట్లో ఎక్కినంత కాలం మన పద్మశాలోళ్లు ఎవరూ ఆ మోటారును పెండ్లికి పిలవొద్దని తీర్మానం చేయాలట. అప్పుడే ఇద్దరు వద్దని కబురు పంపారు.

సిద్దిరాములు ఇవాళ నోరు విప్పాడు. విప్పకున్నా బాగుండేది.

"అవ్వా, నువ్వు ఇగ ఎక్కకు. సూది నేనే చూసుకుంట. లొల్లి బందయితది."

నేను దిగితే బుచ్చిరాములు అన్న మాట నిజమని ఒప్పుకున్నట్టే కదా అన్నాను. నిజమో అబద్ధమో ఎవరికి కావాలి, బండి నడవాలి అన్నాడు. వాడిదీ తప్పు లేదు. లేదని రాయకు. ఉంది.

నేను అన్నం మానలేదు. తిన్నాను. కొడుకు మాటకు పస్తుండే మనిషిని కాను.

నల్లా దగ్గర బుచ్చిరాములు భార్య అన్నదట, ఆ ఇంట్లో ఒకతి ముండమోపి, ఒకతి గొడ్రాలు, అక్కడి నుంచి ఏది బయలెల్లినా గట్లనే అయితదని. భాగ్యమ్మ వచ్చి చాలా ఏండ్లయింది. కడుపు పండలేదు. సిద్దిరాములుకు ఇంకో పిల్లను చూడమని చెవిలో చెప్పిపోయే చుట్టాలకు మాకు కొదువ లేదు. ఇది రాయనని పెన్ను కింద పెట్టింది. రాయమన్నాను. రాసింది.

6 మే, ఆదివారం

ఎల్లస్వామిని పిలిపించాను. కాజీపేట లోకో షెడ్డులో పని చేసి రిటైరయ్యాడు, మొండయ్యకు దోస్తు. ఆవిరి మీటర్లు ఆయన చేతిలో ఎన్నో నడిచాయట. ఆ సంగతి అడగకున్నా చెప్తాడు. అడిగితే ఇంకా చెప్తాడు.

వస్తూనే, "వదినె, మొండయ్య ఉన్నప్పుడు ఈ వాకిట్ల ఛాయన్న దొరుకుతుండె," అన్నాడు.

"సూది లేస్తే ఛాయ్. లేవకుంటే మంచినీళ్లు," అన్నాను.

ఇంజను నుంచి చిటికెన వేలంత ఇత్తడి బుడ్డి ఊడదీశాడు. దాని వెనక సన్న రాగి గొట్టం, చూస్తే తీగె అనుకుంటాం, లోపల బోలు. అది బానెట్ కింది నుంచి సందులో దూరి మీటరు దాకా పోతుంది. బుడ్డిని వేడినీళ్ల చెంబులో పెట్టించాడు. సూది లేవలేదు. చెంబు కింద మంట పెట్టినా లేవలేదు.

బుడ్డిలో ఈథర్ అని మందు ఉంటుందట, దవాఖానలో మత్తుకు పీల్పించేలాంటిది. నీళ్ల కంటే ముందే మరుగుతుందట. దాని ఆవిరి గొట్టం వెంట పోయి మీటరు వెనక వంకీని నెడితే సూది లేస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గొట్టంలో సూదిమొనంత చీలిక వచ్చినా మందు గాలిలో కలిసిపోతుంది.

"ఊపిరి పోయింది వదినె. నువ్వు చూసింది పీనుగను."

శనివారం అంతా నేను పీనుగ మొహం చూస్తూ కూర్చున్నానన్నమాట. అయినా నాకు లోపల చల్లగా అయింది. నా కూర్చోవడం వల్ల కాదు. మీటరు చచ్చింది, అంతే.

హైదరాబాదులో కరెంటుతో నడిచే సూది మీటర్లు దొరుకుతాయి, అది పెట్టిద్దాం అన్నాడు సిద్దిరాములు. ఈ బండి బ్యాటరీ పాతకాలంది, దానికి అవి పని చేయవన్నాడు ఎల్లస్వామి. వేరే బండి మీటరు మన సందులో పట్టదు, అందుకని దారి ఒక్కటే. ఎక్కడన్నా పాత ట్రాక్టరుది బతికున్న బుడ్డి దొరకాలి. దాని గొట్టం కోసి మన మీటరుకు అతకాలి. బతికున్నదాని ఊపిరి పోకుండా అతకాలి. అదే కష్టం.

ఛాయ్ ఇచ్చాను. సూది లేవకున్నా ఇచ్చాను.

7 మే, సోమవారం

గొట్టం తెంపింది పూలవాడే. బరాత్‌కు దండలు కట్టేది వాడే కదా, ఏ దారం ఎక్కడ బిగించాడో. చౌరస్తాలో వాడి దుకాణం ముందు నిలబడి ఇవ్వాల్సిన తిట్లన్నీ ఇచ్చాను. బానెట్ ఎన్నడూ లేపలేదని పోచమ్మ మీద ఒట్టేశాడు. ఒట్లు పూల కంటే చవక అన్నాను.

బానెట్ కింద చెయ్యి పెట్టేది ఇద్దరే. నూనె పోయడానికి సిద్దిరాములు, బరాత్‌కు ముందు రోజు తుడవడానికి భాగ్యమ్మ. నేను అందులో వేలు పెట్టను. నా పని సూది.

పూలవాడే.

11 మే, శుక్రవారం

నర్సంపేట పోయి వచ్చాను. మొక్కజొన్న మండీ వెనక ఒక రైతు ట్రాక్టరు మూలన పడి ఉందని ఎల్లస్వామికి ఎవరో చెప్పారు. సిద్దిరాములును రమ్మంటే పని ఉందన్నాడు. భాగ్యమ్మను తీసుకుని బస్సెక్కాను.

ఆ రైతు మీటరు ఒక్కటే తీసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ముక్కలు ముక్కలుగా ఇస్తే ఆఖరుకు నాకు చక్రాలు మిగులుతాయన్నాడు. నేను తీసుకుపోయిన జంపఖానా అరుగు మీద పరిచాను. నా చేతి నేత, ఎరుపు నీలం గళ్లు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి దాని మీద కూర్చుంది. ఇంక లేవలేదు. బేరం అయిపోయింది.

బుడ్డిని వేడినీళ్లలో పెట్టి చూశాను. ఆ మీటరు సూది లేచింది. దాని అద్దం పగిలింది, మొహం తుప్పు పట్టింది, ఊపిరి మాత్రం ఉంది.

గొట్టం వంగొద్దన్నాడు ఎల్లస్వామి. బస్సులో ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. కండక్టరు వంగి చూసి, "పసిగుడ్డుకు టికెట్ లేదులే అవ్వా," అన్నాడు. బస్సంతా నవ్వింది. భాగ్యమ్మ కూడా నవ్వింది. ఈ నెలలో అదే నవ్వడం.

13 మే, ఆదివారం

ఇవాళ చాలా రాయాలి.

మన ఎండకు ఈథర్ బయట పెడితే చాలు, మంట లేకుండానే మరుగుతుందట. అందుకని స్టేషను దగ్గరి ఐసు ఫ్యాక్టరీలో, పొద్దు పొడవకముందే పని పెట్టుకున్నాడు ఎల్లస్వామి. ఊకలో పాతిన దిమ్మ తీయించి, గొడ్డలి వెనక పక్కతో పొడి కొట్టించాడు. దొడ్డుప్పు కలిపి బకెట్ నింపాడు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుందట. బుడ్డినీ, గొట్టం చాలా భాగాన్నీ అందులో ముంచి, పైకి తేలకుండా పట్టుకోమన్నాడు. సిద్దిరాములు చెయ్యి చాపాడు. నేను ముందే పెట్టేశాను.

కొలిమి ఆ చివర, మేము ఈ చివర. ఈథర్ ఆవిరికి నిప్పు తగిలితే అందరం పోతామట. కాల్చిన కడ్డీని మాత్రమే తెచ్చాడు. ట్రాక్టరు గొట్టాన్ని కోశాడు, మా మీటరును బెత్తెడు గొట్టంతో ముందే బండిలోంచి కోసి తెచ్చాడు. రెండు కొనల మీదికి చిన్న ఇత్తడి తొడుగు జరిపి, పక్కన తడిబట్ట చుట్టి, సీసం పోశాడు. అంతసేపు ఆయన నోరు మూసుకుని ఉన్నాడు. అది నేను మొదటిసారి చూడడం.

నా చేతి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. తీయమన్నాడు. అతుకు ఆరిందా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. మరి ఎందుకు తీయమంటావన్నాను.

ఆరాక బుడ్డిని బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. అరచెయ్యి ఐసు గడ్డ. దాంట్లో వేడి ఎక్కడిది? సూది లేవలేదు. సిద్దిరాములు మొహం తిప్పుకున్నాడు. భాగ్యమ్మ నా చేతిలోంచి బుడ్డి తీసుకుని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. కాసేపటికి సూది మొన వణికింది. పాలు తాగే పిల్లల పెదవి వణికినట్టు.

మసిలే నీళ్లలో పెట్టాం. లేచింది, లేచింది, ఆఖరి గీతకు ఒక వడ్లగింజంత కింద ఆగింది. మసిలే నీళ్లంటే ఆఖరి గీతే కావాలని సూదిని పీకి సరిచేసి మళ్లీ పెట్టాడు. ఇప్పుడు సరిగ్గా ఉంది. నేను ఏడవలేదు. ఐసు ఫ్యాక్టరీలో కండ్లు మండుతాయి.

తర్వాత ఇంటికొచ్చి, మిగిలిన పాత గొట్టాన్ని బండిలోంచి మొత్తం లాగి తీశాడు. బానెట్ కిందే, మీటరు వెనక సందులో, బయటికి కనపడనిచోట, ఎక్కువైన పొడవంతా చుట్టి ఉంది.

"ఇగో, ఇక్కడ పగిలింది. ఎవలో బుద్ధిమంతులు గింత బిగువుగ చుట్టిండ్రు. దీన్ని తినే పళ్లెమంత వెడల్పు చేసి వదులుగ ఏలాడెయ్యాలె," అన్నాడు.

నేను చేతిలోకి తీసుకున్నాను. వరుస మీద వరుస, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. దారం చుట్టినట్టు, కండె చుట్టినట్టు. ఇది పూలవాడికి చేతకాదు. మిషిను పనివాళ్లకు చేతకాదు. మా ఇండ్లల్లో వదులు పోగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, చుట్టేస్తుంది. చుట్టు ఎడమ దిక్కుకు తిరిగి ఉంది. కొత్తవాడలో ఎడమ దిక్కుకు కండె చుట్టేది...

ఆపు. చాలు.

14 మే, సోమవారం

రాయడానికి ఏమీ లేదు. పప్పు వండాం. భాగ్యమ్మ పెన్ను పట్టుకుని కూర్చునే ఉంది.

17 మే, గురువారం

గొట్టం తెంపింది పూలవాడే అని రాయి.

రాయనంటుంది. అత్తా, పూలాయన కాదు అంటుంది. నేను చెప్పింది రాయమని మొదటి రోజే చెప్పాను కదా అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయింది. గొట్టం ఊగుతోంది, ఇంజనుకు తగిలి కాలుతుందేమో అని, అని మొదలుపెట్టింది. లేచి బయటికి వచ్చాను. మేకకు ఆకు వేశాను. వినని మాట నాకు తెలియని మాట. తెలియని మాట సంఘంలో ఎట్లా చెప్తాను?

పూలవాడి దుకాణం ముందు నుంచి ఇవాళ పోలేదు. చుట్టు తిరిగి పోయాను.

19 మే, శనివారం

సిద్దిరాములు అడిగాడు, ఆ గొట్టం చుట్టింది ఎవరో నీకు ఎరుకేనా అని. "ఎర్కయితే రేపు చెప్పు అవ్వా. నీ మీది మాట పోతది. నీ సీటు నీకొస్తది." వాడు ఏమీ తెలియకుండానే అడిగాడు. మగవాళ్లు కండె వాడతారు గానీ అది ఏ దిక్కుకు చుట్టిందో చూడరు.

ఒక్క పేరు చెప్తే నా సీటు నాకొస్తుంది. నిజమే.

మరి ఆ పేరు గల మనిషికి ఏమొస్తుందో సంఘంలో ఎవరూ అడగరు. ముహూర్తం తప్పించింది గొడ్రాలి చెయ్యి అంటారు. ఆ మాట పట్టుకుని చుట్టాలు దిగుతారు.

భాగ్యమ్మా, ఇది కొట్టెయ్. కొట్టేశావా? చదివి వినిపించు.

కొట్టేసిన మాట చదివితే వినిపించదు కదా. సరే.

21 మే, సోమవారం

నిన్న సంఘం కూర్చుంది. మార్కండేయ గుడి పక్కన రేకుల షెడ్డులో. మగవాళ్లు జంపఖానాల మీద, ఆడవాళ్లం గుమ్మం దగ్గర. పెద్దమనిషి లింగమూర్తి. మూడు తరాలుగా మగ్గం మీద బతికిన ఇల్లు. ఇప్పుడు చూపు ఆనదు గానీ వేళ్లతో తడిమి పోగు ఎంత సన్ననిదో నంబరు చెప్తాడు.

బుచ్చిరాములు ముందు చెప్పాడు. ఈసారి నన్ను తిట్టలేదు. తన కొడుకు చెప్పులు లేకుండా తారు రోడ్డు మీద నడిచాడని చెప్పాడు. పెండ్లి బట్టల్లో ఉన్నవాడు చెప్పులు తొడగొద్దని బండిలోనే వదిలాడట. పీటల మీద కూర్చున్నప్పుడు అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి, బ్రాహ్మడు కాళ్లు కడిగించేటప్పుడు పిల్లవాడు పళ్లు బిగబట్టాడు. నాకు ఆ సంగతి తెలియదు. నేను ఆ రోజంతా సూది గురించే ఆలోచించాను.

నా వంతు వచ్చింది. కిరసనాయిలు స్టవ్ వెలిగించి గిన్నెలో ఎసరు పెట్టించాను. ఎల్లస్వామి మీటరు పట్టుకున్నాడు. బుడ్డిని గిన్నెలో వేశాను. నీళ్లు పాడడం మొదలుపెట్టగానే సూది కదిలింది. మసలగానే ఆఖరి గీత మీద నిలబడింది. అందరూ మెడలు చాపారు. నేనే పక్కన కూర్చుని ఉన్నాను, సూది లేవడం మానలేదు, చూడండి అన్నాను.

బుచ్చిరాములు ఊరుకోలేదు. ఇవాళ లేచింది, మరి మా బరాత్ నాడే ఎందుకు చచ్చింది అన్నాడు. అడగవలసిన మాటే అడిగాడు.

పాత గొట్టం ఉందా అని అడిగాడు లింగమూర్తి. ఎల్లస్వామి సంచిలోంచి తీసి ఇచ్చాడు. దాన్ని ఇవ్వొద్దని ముందే చెప్పి ఉండాల్సింది. మరిచిపోయాను. లింగమూర్తి వేళ్లతో తడిమాడు. ఒక్కసారే.

"ఇది కండె చుట్టు గదా. మనోళ్ల చెయ్యే. ఎవలు చుట్టిండ్రు?"

షెడ్డులో కూర్చున్నవాళ్లంతా నేతవాళ్లే. చేతులు మారి వచ్చిన కొద్దీ ప్రతి ఒక్కరూ తలూపారు. నా వెనక గాజులు చప్పుడయ్యాయి. భాగ్యమ్మ గుమ్మం దిగి ముందుకు ఒక అడుగు వేసింది. నాకు వెనక్కి తిరగాల్సిన పని లేకపోయింది. ఆ గాజుల చప్పుడు మగ్గం చప్పుడంత ఎరుక నాకు.

"నేనే," అన్నాను.

సిద్దిరాములు తలెత్తాడు. నేను బానెట్ ముట్టనని వాడికి తెలుసు.

లింగమూర్తి గొట్టాన్ని ఇంకోసారి తడిమాడు. "ఎడమ చుట్టున్నది రాజవ్వా."

"బానెట్ కింద తలకాయ దూర్చినంక కుడేదో ఎడమేదో ఎవలికి ఎరుకన్నా. లూజుగ ఊగుతాంది, కాలిపోతదని చుట్టిన. గట్ల చుట్టొద్దని నాకు తెల్వదు. తప్పు నా చేతులది. నా నుదుటిది గాదు. చేతులకు ఏం శిక్ష ఏస్తరో ఏయిండ్రి."

తర్వాత బుచ్చిరాములు వైపు తిరిగాను. నీ కొడుకు కాళ్లు కాలినందుకు నన్ను తిట్టు, పడతాను అన్నాను. నా తాడు తెగినందుకు తిట్టకు. అది నేను తెంపుకున్నది కాదు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

లింగమూర్తి చూపు ఆనని కండ్లతో గుమ్మం దిక్కు చాలాసేపు చూశాడు. ఆ గొట్టాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వలేదు. చేతిరుమాల్లో మూటకట్టి తన జేబులో పెట్టుకున్నాడు.

"చేతుల తప్పని తేలింది. రాజవ్వ ఇయ్యాల్టి సంది బానెట్ ముట్టొద్దు. సీటు ముచ్చట ఇయ్యాల ఎవలూ ఎత్తలే, సంఘానికి దాంతోని పని లేదు. ఇగ లేవుండ్రి."

అట్లా తేలింది. గొట్టం చుట్టింది నేనే. రాయి భాగ్యమ్మా. కాగితం తడవనియ్యకు, అక్షరాలు అలుక్కుపోతాయి. నాకు ఎట్లాగూ చదవరాదు, నీకు పని పెరుగుతుంది. రాశావా?

రాసింది.

22 మే, మంగళవారం

పూలవాడికి మా చెట్టు నిమ్మకాయలు పంపాను. ఎందుకని అడిగాడట. ఎండలకు అని చెప్పమన్నాను.

సిద్దిరాములు నన్ను ఏమీ అడగలేదు. భాగ్యమ్మను కూడా అడగలేదు. సాయంత్రం వాకిట్లో ఇద్దరూ కూర్చుని కొత్త గొట్టాన్ని పళ్లెం చుట్టూ తిప్పి కొలత చూసుకుంటున్నారు. నేను లోపలికి పోయాను.

26 మే, శనివారం

ఎందుకు చెప్పినవు అత్తా అని అడిగింది. ఇప్పుడే అడిగింది, పెన్ను పట్టుకుని. జవాబు చెప్తే రాస్తావు, రాస్తే ఉంటుంది, అందుకే చెప్పను అన్నాను.

సంఘం నన్ను బానెట్ ముట్టొద్దన్నది కదా. ఇక నుంచి అది ఆమెది. నీళ్ల డబ్బా, తడి గోనె ఆమె చేతికిచ్చాను. ఇంజను నీళ్ల మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టు, ఆవిరి ముందు పోనీ, తర్వాత తిప్పు అని చెప్పాను. రెండోసారి చెప్తుంటే ఎరుకే అత్తా అన్నది. మూడోసారి కూడా చెప్పాను.

3 జూన్, ఆదివారం

ఇవాళ బరాత్. కాశిబుగ్గ వాళ్లది. పెండ్లికొడుకు మేనత్త నన్ను ముందు సీట్లో చూసి ఆగింది. పక్కనున్నామె చెవిలో ఏదో చెప్పింది. నా చేతులు మంచివి కావని అయి ఉంటుంది. ఆ మాట నాకు బరువు కాదు.

పోచమ్మమైదాన్ దాకా సూది సగంలో ఉంది. అక్కడ ఎగిరేవాళ్లకు ఊపు వచ్చింది. బండి నిలబడ్డట్టే. సూది లేవడం మొదలైంది. మెల్లగా, ఎసరు మీద మూత లేచినంత మెల్లగా. సిద్దిరాములు కండ్లు రోడ్డు మీద ఉన్నాయి. నా వైపు చూడలేదు, అడగలేదు, నేను చెప్తానని వాడికి ఎరుక. ఎర్ర గీత అంటగానే చెయ్యి ఎత్తాను.

బండి ఆగింది. బ్యాండు ఆగింది. ఎగిరేవాళ్లు ఆగారు. వెనక పెండ్లికొడుకు, వాడి వెనక ఊరు, అందరూ ఆగారు. ముహూర్తం దాటుతుందని ఒకాయన గొణిగాడు. దాటదు, కూసో బిడ్డా అన్నాను.

నా పక్కన కూర్చున్న భాగ్యమ్మ దిగింది. గోనె వేసి, మొహం పక్కకు పెట్టి, మూత కొంచెం తిప్పి ఆగింది. ఆవిరి పోయింది. ఇంకొంచెం తిప్పింది. ఎడమ చేత్తో నీళ్లు పోసింది, సన్నటి ధారగా, ఒక్క చుక్క కింద పడకుండా. వందమంది ఆడవాళ్లూ మగవాళ్లూ ఆమె చెయ్యినే చూస్తున్నారు. బానెట్ మూసి నా వైపు చూసింది.

నేను సూది వైపు చూశాను. దిగుతోంది. ఇంకా దిగనిచ్చాను. తొందర లేదు.

"పోనీయ్," అన్నాను.